ఫ్లాట్లు తనిఖీ చేసేవాళ్లకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

విజయవాడలో పాత ఫ్లాట్ కొనాలంటే లింకు డాక్యుమెంట్లు లాయరు చూస్తాడు. ఆస్తి మీద అప్పులు, తాకట్లు ఉన్నాయేమో చూడ్డానికి ఈసీ తీయిస్తారు. బ్యాంకు పంపిన వాల్యూయర్ వచ్చి రేటు కడతాడు. సిద్ధాంతిగారు పొయ్యి ఏ మూలన ఉందో చూసి తల ఊపుతారు. ఆ బిల్డింగ్‌ను మోస్తున్న పిల్లర్లు, బీములు ఎలా ఉన్నాయో చూసేవాడు మాత్రం ఎవడూ రాడు. పిలుద్దామన్నా ఎవరిని పిలవాలి? కొనేవాడి తరఫున ఇల్లు తనిఖీ చేయడానికంటూ విడిగా లైసెన్సు మనకు లేదు.

నేను డిప్లొమా సివిల్ చదివి చాలా ఏళ్లుగా సైట్లలో పనిచేస్తున్నాను. తెలిసినవాళ్లు ‘కాస్త వచ్చి చూడండి’ అని పిలుస్తుంటారు. వెళ్లి, చూసి, తోచింది చెబుతాను. నా మాటకు విలువ ఉందో లేదో తేల్చే పరీక్ష నేను ఎక్కడా రాయలేదు, ఎందుకంటే అలాంటి పరీక్షే లేదు.

గోడ మీద గీత కనబడితే అందరికీ టెన్షనే. కానీ అన్ని పగుళ్లూ ఒకటి కాదు. బీము కింద గోడ కలిసేచోట అడ్డంగా వచ్చే సన్న గీత చాలావరకు ప్లాస్టరింగ్ సంగతే. కిటికీ మూల నుంచి ఏటవాలుగా సాగి, ఏటేటా వెడల్పవుతుంటే పునాది ఒకవైపు దిగుతోందేమో చూడాలి. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంగుతుంది. పిల్లరులో కమ్మీ వెంబడే నిలువునా పగులు వచ్చిందంటే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బి, కాంక్రీటును బయటికి తోస్తోందని అనుమానించాలి. పిల్లరు కమ్మీల మీద 40 మిల్లీమీటర్ల కవర్, అంటే కమ్మీని కప్పే కాంక్రీటు పొర, ఉండాలని కాంక్రీటు పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. సెంట్రింగ్ దగ్గర ఆ మందం నిలిపే కవర్ బ్లాకులు పెట్టించే ఓపిక ఎంతమందికి ఉంటుందో మేస్త్రీలను అడగండి. దానిమీద పుట్టీ, రంగు పడ్డాక కొనేవాడికి ఏం తెలుస్తుంది? తెలిసినవాడు సుత్తితో తట్టి డొల్ల శబ్దం పట్టుకుంటాడు. కాంక్రీటు నాణ్యత తెలిపే రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్షలు చేయిస్తాడు. అప్పుడే పగలగొట్టిన చోట ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లి చూస్తాడు. గులాబీ రంగు వస్తే కాంక్రీటులో ఇనుమును కాపాడే గుణం ఇంకా ఉన్నట్టు, రంగు రాకపోతే పోయినట్టు.

బిల్డర్లను అదుపు చేసే రియల్ ఎస్టేట్ చట్టం, రెరా ఉంది కదా అంటారు. 2016 చట్టం ప్రకారం ఫ్లాట్ అప్పగించిన 5 ఏళ్లలోపు నిర్మాణ లోపం బయటపడి, కొనుగోలుదారు బిల్డర్ దృష్టికి తెస్తే 30 రోజుల్లో ఉచితంగా బాగుచేయాలి. మంచిదే. కానీ ఆ లోపాన్ని గుర్తించి కాగితం మీద పెట్టేవాడు కావాలి. పైగా 500 చదరపు మీటర్లు దాటని స్థలాల్లో కట్టేవాటికి, 8 ఫ్లాట్లు మించని వాటికి రెరా రిజిస్ట్రేషనే అక్కర్లేదు. మన సందుల్లో అంతస్తుకొక ఫ్లాట్ చొప్పున లేచే బిల్డింగులు చాలావరకు ఆ లెక్కలోవే. మునిసిపాలిటీ దగ్గర లైసెన్సు ఉన్న స్ట్రక్చరల్ ఇంజనీర్లు లేరా అంటే, ఉన్నారు. వాళ్లకు ఫీజు ఇచ్చేది బిల్డర్.

మరో సంగతి. టెక్సాస్‌లో ఇళ్లు తనిఖీ చేయాలంటే శిక్షణ పొందాలి, పరీక్ష పాసవ్వాలి, బాధ్యత బీమా కూడా ఉండాలి. డల్లాస్‌లో ఇల్లు కొనే మన పిల్లలు ఇన్‌స్పెక్టర్ రిపోర్టు చేతిలో పెట్టుకుని బేరమాడతారు. అదే పిల్లలు పటమటలో అమ్మానాన్నలకు ఫ్లాట్ తీసుకునేటప్పుడు వీడియో కాల్‌లో టైల్స్ చూసి అడ్వాన్సు పంపిస్తారు! అంతదూరం ఎందుకు, ముంబయిలో 30 ఏళ్లు దాటిన భవనాలకు రిజిస్టర్డ్ స్ట్రక్చరల్ ఇంజనీరుతో పరీక్ష చేయించి సర్టిఫికెట్ ఇవ్వాలని మునిసిపల్ చట్టమే చెబుతోంది. మన గవర్నర్‌పేటలో, వన్‌టౌన్‌లో, గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఆ వయసు దాటినవి ఎన్ని లేవు?

2024 సెప్టెంబరులో బుడమేరు ముంచెత్తినప్పుడు సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ప్రభుత్వం సాయం చేసింది, ఫైరింజన్లతో ఇళ్లు కడిగించింది. ఫ్రిజ్‌లు, బైకులు లెక్క రాసుకున్నారు. పునాదుల దగ్గర మట్టి కోసుకుపోయిందా, పిల్లరు అడుగులు ఎలా ఉన్నాయి అని అడిగినవాళ్లు నాకైతే కనబడలేదు.

‘లైసెన్సు అంటే ఇంకో సంతకం, ఇంకో లంచం కవరు’ అని మా సైట్లలోనే నవ్వుతారు. ఆ భయం ఉత్తది కాదు. అందుకే ఈ తనిఖీని ఏ అనుమతికీ ముడిపెట్టవద్దు. కొనేవాడే తనకు నచ్చినవాణ్ని పిలుచుకుని ఫీజు ఇచ్చుకోవాలి. తనిఖీ చేసినవాడు అదే బిల్డింగ్‌లో రిపేరు కాంట్రాక్టు తీసుకోకూడదు, బ్రోకరు దగ్గర కమీషన్ తీసుకోకూడదు. ఫొటోలతో రాతపూర్వక రిపోర్టు ఇచ్చి కింద లైసెన్సు నంబరు వేయాలి. తప్పుడు రిపోర్టు ఇచ్చాడని తేలితే ఆ నంబరు రద్దుచేసి, ఆ సంగతి లైసెన్సు ఉన్నవాళ్ల జాబితాలో అందరికీ కనబడేలా పెట్టాలి.

పరీక్షను పాలిటెక్నిక్‌లలో పెట్టవచ్చు. రాతపరీక్ష ఒక్కటే చాలదు, ఒక పాత బిల్డింగ్ చూపించి లోపాలు రాయమనాలి. డిప్లొమావాళ్లకు కంటితో చూసే తనిఖీ వరకే అనుమతి ఇచ్చి, బలం లెక్కగట్టే పని స్ట్రక్చరల్ ఇంజనీర్లకే ఉంచినా నాకు అభ్యంతరం లేదు. మునిసిపల్ శాఖ నోటిఫికేషన్ ఇస్తే మొదటి బ్యాచ్‌లోనే దరఖాస్తు పెడతాను.

— ఒక సైట్ సూపర్‌వైజర్, సత్యనారాయణపురం, విజయవాడ