ఫ్లెక్సీ ఫైల్ సేవ్ కావట్లేదా? షాపుకు తెచ్చే ముందు ఇవి చూడండి

మా ప్రింటింగ్ షాపు కస్టమర్లకు నమస్కారం.

ఈ మధ్య ఫ్లెక్సీలు చెప్పిన టైముకు ఇవ్వలేకపోతున్నాం. మిషన్ బాగానే ఉంది. ఆలస్యమంతా ఫైళ్ల దగ్గరే. డిజైన్ పూర్తయ్యాక సేవ్ కాదు, సేవ్ అయినా మా దగ్గర తెరుచుకోదు. ఇందులో మా తప్పూ ఉంది: ఎలాంటి ఫైల్ కావాలో ముందే చెప్పకుండా 'ఏదో ఒకటి తెండి, చూసుకుందాం' అంటూ వచ్చాం.

ఎక్కువగా తగిలేది సైజు గొడవ. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీని ఫోటోషాప్‌లో 300 రిజల్యూషన్‌తో, అంటే అంగుళానికి 300 పిక్సెల్స్ (చుక్కలు) పెట్టి మొదలుపెడతారు. వెడల్పే 72,000 పిక్సెల్స్ అవుతుంది. ఫోటోషాప్ మామూలుగా సేవ్ చేసే పీఎస్‌డీ ఫైల్ వెడల్పు గానీ ఎత్తు గానీ 30,000 పిక్సెల్స్ దాటినా, 2 జీబీ మించినా సేవ్ కాదు. అదే సైజు 72 రిజల్యూషన్‌లో 17,280 బై 8,640. రోడ్డు మీద నుంచి చూసే ఫ్లెక్సీకి అది చాలు. అప్పుడు కూడా సీఎంవైకేలో (ప్రింటింగ్‌కు వాడే నాలుగు రంగుల పద్ధతి) ఒక్క నిండు లేయర్, అంటే డిజైన్‌లో ఒకదానిపై ఒకటి ఉండే పొరల్లో ఒకటి, దాదాపు 570 ఎంబీ. అలాంటివి నాలుగు పడితే మళ్లీ 2 జీబీ గీత దాటే ప్రమాదమే. లేయర్లు ఉంచుకోవాలంటే సేవ్ యాజ్‌లో పెద్ద ఫైళ్ల కోసం ఉండే పీఎస్‌బీ ఎంచుకోండి. మాకు మాత్రం లేయర్లన్నీ కలిపేసిన కాపీ చాలు, మీ అసలు ఫైల్ మీ దగ్గరే ఉండనివ్వండి.

'స్క్రాచ్ డిస్క్ ఫుల్' అని వస్తే ఫైల్‌ది తప్పు కాదు, ఫోటోషాప్ పనిచేసేటప్పుడు తాత్కాలికంగా వాడుకునే డ్రైవ్, మామూలుగా సీ డ్రైవ్, నిండిపోయింది. అనవసరమైనవి తీసేసి జాగా చేయండి. లేదా ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌గా డీ డ్రైవ్ పెట్టి ఫోటోషాప్ మూసి తెరవండి. ఎడిట్‌లో పర్జ్ ఆల్ కొడితే కూడా కొంత ఖాళీ అవుతుంది, కానీ ఆ తర్వాత వెనక్కి అండూ ఉండదు.

ఫైల్ డాక్యుమెంట్స్‌లోకి సేవ్ కావట్లేదు గానీ, వేరే ఫోల్డర్‌లోకి అవుతోందా? విండోస్ 10, 11లో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బులు అడిగే వైరస్) ప్రొటెక్షన్ కింద కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. దాన్ని ఆపేయకండి, అందులోనే మీ ప్రోగ్రామ్‌కు అనుమతి ఇవ్వండి.

పేరులో తేదీ రాసేవాళ్లు 12/05 అని గీత పెడితే విండోస్ ఒప్పుకోదు. 12-05 అనండి.

పెన్ డ్రైవ్‌లోనే ఫైల్ తెరిచి పనిచేయడం మాత్రం దయచేసి మానండి. సేవ్ అవుతుండగా లాగేస్తే ఫైల్ పాడవుతుంది, అలా పాడైనదాన్ని మేం కూడా బాగు చేయలేం. డెస్క్‌టాప్ మీద సేవ్ చేసి, తర్వాత కాపీ చేసి, ఎజెక్ట్ కొట్టి తీయండి. ఫ్యాట్32లో (డ్రైవ్‌లో ఫైళ్లు అమర్చే ఒక పాత పద్ధతి) ఫార్మాట్ చేసిన పెన్ డ్రైవ్ అయితే ఎంత ఖాళీ ఉన్నా 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ ఎక్కదు.

కోరల్‌డ్రా వాడేవాళ్లు సేవ్ యాజ్‌లో వెర్షన్ 17 పెట్టండి, కొత్త వెర్షన్ ఫైల్ పాతదాంట్లో తెరుచుకోదు. అను ఫాంట్లతో రాసిన మ్యాటర్‌ను ఒక కాపీలో కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్‌గా (ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా) మార్చండి. లేకపోతే ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో తెలుగు పోయి ఇంగ్లిష్ అక్షరాల గజిబిజి కనిపిస్తుంది.

సోమవారం నుంచి మీ ముందే ఫైల్ తెరిచి, తెరుచుకున్నాకే డెలివరీ టైము చెబుతాం. సైజు, వెర్షన్ సరిచేయడం పది నిమిషాల్లో అయితే డబ్బులు తీసుకోం. మళ్లీ కొత్తగా డిజైన్ చేయాల్సి వస్తే చార్జీ ఎంతో ముందే చెప్పి మొదలుపెడతాం.