చిన్నదైతేనే వేడెక్కువ

చిట్టీ,

మొన్న ఫోన్‌లో "బ్లాక్ హోల్ ఎంత పెద్దదైతే అంత వేడిగా ఉంటుంది కదా నాన్నా" అన్నావు. అక్కడే ఉంది తిరకాసు. సరిగ్గా తలకిందులు.

1974లో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ లెక్కగట్టి చూపించింది అదే. బ్లాక్ హోల్‌కి ఉష్ణోగ్రత ఉంటుంది, బరువు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. సూర్యుడంత బరువున్న దాని వేడి ఒక కెల్విన్‌లో (అంతకన్నా చల్లన లేని చోట సున్నాతో మొదలయ్యే వేడి కొలత) కోటో వంతు కూడా ఉండదు. చంద్రుణ్ని నలిపి బ్లాక్ హోల్ చేశామనుకో. వ్యాసార్ధం 0.1 మిల్లీమీటరు, వేడి 1.7 కెల్విన్. బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలి ఆకాశమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ వికిరణమేమో 2.7 కెల్విన్. ఖర్చు కన్నా రాబడే ఎక్కువ కాబట్టి ఆ నలుసు కూడా ఆవిరి కాదు, ఇంకా బరువెక్కుతుంది!

ఇక 50 కోట్ల టన్నులదైతే ప్రోటాన్ కన్నా చిన్నది, వేడి 20,000 కోట్ల కెల్విన్ పైమాటే. గామా కిరణాలు చిమ్ముతుంది. కాఫీ వేడి పోతే చల్లారుతుంది. దీనికి వేడి పోయేకొద్దీ బరువు తగ్గి, ఇంకా వేడెక్కుతుంది. చివరి 0.1 సెకనులో పది లక్షల మెగాటన్ను బాంబులంత శక్తి వెళ్లగక్కుతుందని హాకింగ్ అంచనా.

అంచు దగ్గర జంట కణాలు పుట్టి, ఒకటి లోపల పడి, ఇంకొకటి తప్పించుకుంటుందని నువ్వు చూసిన వీడియో కథను మాత్రం అక్షరాలా నమ్మకు. అలా నమ్మొద్దని హాకింగే 1975లో రాశాడు. బయటికొచ్చే అలల పొడవు ఆ బ్లాక్ హోల్ కన్నా తక్కువేం ఉండదు, ఇక ఫలానా చోట పుట్టిందని ఎలా చెప్తాం? నాకు నచ్చే సంగతి వేరే ఉంది. బ్లాక్ హోల్‌కి ఎంట్రోపీ (లోపలి గజిబిజికి కొలత) ఉందని బెకెన్‌స్టైన్ అనే భౌతిక శాస్త్రవేత్త అంటే హాకింగ్‌కి చిరాకేసింది. ఎంట్రోపీ ఉంటే ఉష్ణోగ్రతా ఉండాలి కదా, తీరా తన లెక్కే బెకెన్‌స్టైన్‌ని గెలిపించింది.

ఇలాంటి బుల్లివి బిగ్ బ్యాంగ్ తొలి క్షణాల్లో పుట్టి ఉండొచ్చు. 50 కోట్ల టన్నులవైతే ఆయుష్షు దాదాపు 1,380 కోట్ల ఏళ్లు, అంటే ఇప్పుడే పేలిపోతుండాలి. గామా కిరణాల్ని చూసే ఫెర్మి అంతరిక్ష టెలిస్కోపు డేటాలో వెతికారు, ఒక్కటీ దొరకలేదు. హాకింగ్‌కి నోబెల్ రాకపోవడానికి అదే కారణమని నా అనుమానం.

ఆయుష్షు బరువు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. సూర్యుడంత దానికి ఎన్నేళ్లో నువ్వే లెక్కగట్టి ఆదివారం చెప్పు. పది పక్కన ఘాతం 65 దగ్గర ఆగాలి. 70 దాటిందంటే టన్నుల్ని కిలోలు చేయడం మర్చిపోయావన్నమాట.

నాన్న