ఆ పట్టికలో గాలి లెక్క లేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో రాడార్ డిటెక్టర్ల పట్టిక వేశారు, పోలీసుల స్పీడ్ గన్‌ను ముందే పసిగట్టి కారులో కూత పెట్టే డబ్బాలవి. ఏది ఎంత దూరం నుంచి స్పీడ్ గన్‌ను పసిగడుతుంది, తప్పుడు హెచ్చరికలు ఎన్ని ఇస్తుంది, బరువెంత, అన్నీ గళ్లు కట్టి చూపించారు. కింద చిన్న అక్షరాల్లో ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కార్లకూ ఇవే వర్తిస్తాయని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. ఆ వాక్యం రాసినవారు టాప్ దించిన కారులో డిటెక్టర్ పెట్టుకుని ఒక్క రోజైనా తిరిగి ఉండరు. తిరిగితే అలా రాయరు.

నాది గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల పాత కారు. వయసులో ఉన్నప్పుడు కొనే స్తోమత లేదు, రిటైరయ్యాక సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అంతకు ముందు ముప్పై ఏళ్లు టవర్లెక్కి మైక్రోవేవ్ డిష్‌లు బిగించడమే నా పని. కాబట్టి గిగాహెర్ట్జ్‌లంటే నాకు బెరుకు లేదు. డిటెక్టర్ కొనడానికి వెళ్లినప్పుడు కూడా ఆ ధీమాతోనే వెళ్లాను. మీ పట్టికలాంటిదే ఒకటి చేతిలో పట్టుకుని, అందులో దూరం గడిలో పెద్ద అంకె ఉన్నదాన్ని తెచ్చుకున్నాను. ఆ తర్వాత ఏడాదిలో మూడు మార్చాను.

అసలు ఆ దూరం గడికి మీరిచ్చిన ప్రాధాన్యమే నాకు ఎక్కువ అనిపించింది. స్పీడ్ గన్ వదిలిన తరంగం కారుకు తగిలి, తిరిగి గన్ దాకా వెళ్లాలి. కదిలే వస్తువు మీద నుంచి తిరిగొచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీ కొంచెం మారుతుంది. డాప్లర్ అనే శాస్త్రవేత్త 1842లో చెప్పిన సూత్రమే ఇది. 24.15 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీతో పనిచేసే గన్‌కు ఎదురుగా గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కారు వస్తుంటే ఆ తేడా దాదాపు 4,470 హెర్ట్జ్. ఆ తేడాను కొలిచి గన్ మన కారు వేగం చెబుతుంది. అంటే గన్‌కు రానూ పోనూ ప్రయాణం. డిటెక్టర్‌కు మాత్రం ఒకవైపు ప్రయాణమే. దూరం రెట్టింపైతే డిటెక్టర్‌కు అందేది నాలుగో వంతు, గన్‌కు తిరిగి అందేది పదహారో వంతు. తిన్నని రోడ్డు మీద మామూలు డిటెక్టర్‌కు కూడా ఈ వెసులుబాటు ఉంటుంది. వంపు అవతల, గుట్ట అవతల ఉన్న గన్ విషయంలో డిటెక్టర్ల మధ్య కొంత మేలూ కీడూ ఉన్న మాట నిజమే. కానీ గన్‌ను ఆపి ఉంచి, కారు దగ్గరికొచ్చాక ఒక్కసారి మీట నొక్కేవాళ్ల ముందు ఎంత దూరం పట్టగలిగే డిటెక్టరైనా ఒకటే. మన ముందు పోతున్న కార్ల మీద నొక్కినప్పుడు చెదిరి వచ్చిన తరంగం ఏదైనా అందితే అదే అదృష్టం.

ఆ అదృష్టం తలుపు తట్టినప్పుడు మనకు వినపడాలి కదా. నా గొడవంతా ఇక్కడే.

మూసిన కారులో డిటెక్టర్ కూత చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. టాప్ దించి 90 దాటితే పక్క సీట్లో ఉన్న మా ఆవిడ చెప్పేదే నాకు వినపడదు. మొదటి డిటెక్టర్‌తో మొదటి వారం నేను విన్న హెచ్చరికలన్నీ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు విన్నవే, అవి కూడా పక్కనున్న దుకాణాల ఆటోమేటిక్ తలుపులవి. ఒకసారి హైవే మీద ఆవిడ నా భుజం పట్టుకు ఊపి, "ఏమండీ, అది ఎర్రగా వెలుగుతోంది చూడండి" అంటే గానీ నాకు తెలియలేదు. అప్పటికే రోడ్డు పక్కన గన్ పట్టుకుని నిలబడ్డాయన మమ్మల్ని చూసి చెయ్యి ఊపుతున్నాడు. పైగా చాలా డిటెక్టర్లలో ఆటో మ్యూట్ అని ఒకటుంటుంది. రెండు మూడు సెకన్లు కూసి తర్వాత దానంతటదే గొంతు తగ్గించుకుంటుంది. మూసిన కారులో అది మర్యాద. టాప్ లేని కారులో ముందు ఆపేయాల్సింది దాన్నే.

గొంతు పెద్దదిగా ఉన్నదాన్ని కొంటే సరిపోతుందా అంటే అదీ పూర్తిగా చాలదు. ఇయర్‌ఫోన్ పెట్టుకోమని కొందరు చెప్పారు. బండి నడుపుతూ రెండు చెవులూ మూసుకోవడం చాలాచోట్ల నేరం, నాకైతే హారన్ వినపడకపోవడం మరీ భయం. చివరికి డిటెక్టర్‌కున్న 3.5 మిల్లీమీటర్ల ఆడియో సాకెట్ నుంచి సన్నటి వైరు లాగి, అగ్గిపెట్టెంత చిన్న స్పీకర్‌ను సీటు వెనక, తల ఆనించే దిండు పక్కన బిగించాను. చెవికి జానెడు దూరంలో ఉంటుంది కాబట్టి 110లో కూడా వినపడుతోంది. ఆ సాకెట్ లేని మోడళ్లు చాలా ఉన్నాయి, ఖరీదైన వాటిలో కూడా. మీ పట్టికలో ఒక గడి పెంచాల్సి వస్తే ముందు ఇది పెంచండి.

చెవి తర్వాత కన్ను. రెండో డిటెక్టర్‌ది పెద్ద ఎల్‌సీడీ తెర, ఫ్రీక్వెన్సీతో సహా చూపిస్తుంది. దుకాణంలో ముద్దొచ్చింది. ఎండలో టాప్ దించి, చలువ కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే తెర నల్లగా ఉంది. పాడైందనుకుని వెనక్కి పట్టుకెళ్లాను. కౌంటర్ మీద పెట్టి, కళ్లద్దాలు తీసి చూపిద్దును కదా, శుభ్రంగా వెలుగుతోంది. నావి పోలరైజ్డ్ అద్దాలు, అంటే ఒకే దిశలో కంపించే వెలుగునే రానిస్తాయి; ఎల్‌సీడీ నుంచి వచ్చే వెలుగూ అలా ఒకే దిశలో కంపించేదే. రెండూ అడ్డంగా పడితే వెలుగు లోపలే ఆగిపోతుంది. ముప్పై ఏళ్లు యాంటెన్నాల పోలరైజేషన్ సరిచేసిన మనిషిని, ఇది తట్టలేదు! ఆ రోజు సిగ్గుతో ఇంటికొచ్చాను. అక్షరాలు చూపించే తెర కంటే, ముందు నుంచా వెనక నుంచా అని బాణం గుర్తుతో గట్టిగా వెలిగే దీపాలుంటే చాలు. మధ్యాహ్నం ఎండలో అక్షరాలు చదివే తీరిక ఎవరికుంది?

ఇక బిగించడం. దీని గురించి మీ వ్యాసంలో సక్షన్ కప్పుతో విండ్‌షీల్డ్‌కు అంటించండి అన్న ముక్క తప్ప ఏమీ లేదు. నేనూ అలాగే అంటించాను. ఓపెన్ కారు ఎండలో నిలబడితే డ్యాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టలేం. ఆ వేడికి కప్పు మెత్తబడింది. సాయంత్రం కొండ దారిలో దిగుతుండగా ఒక మలుపులో ఊడి, డ్యాష్‌బోర్డ్ మీద జారి, నా కాళ్ల దగ్గర పడింది. బ్రేక్ నొక్కుదామంటే పెడల్ కింద ఏదో గట్టిగా అడ్డం. ఆ రెండు సెకన్లు నేను మర్చిపోను. దాని స్ప్రింగు వైరు గేర్ రాడ్‌కు చుట్టుకుని ఉంది కాబట్టి ఒక్క లాగుతో బయటికి వచ్చింది. ఆ వైరు నిజానికి రోజూ నా చేతికి అడ్డం పడేది, రోజూ తిట్టుకునేవాణ్ని. ఆ రోజు తర్వాత సక్షన్ కప్పులు నా కారులో లేవు.

రియర్ వ్యూ మిర్రర్ కాడకు బిగించే క్లాంపు చాలామందికి నచ్చుతుంది. రాడార్‌కు ఎత్తు మంచిదే. కానీ నా కారులో విండ్‌షీల్డే పొట్టిది, మిర్రరే అందులో కొంత తినేస్తుంది. దాని కింద ఇంకో డబ్బా వేలాడదీస్తే కుడివైపు మలుపు కనపడదు. గాలి విండ్‌షీల్డ్ పై అంచు మీద నుంచి దూకి మిర్రర్ దగ్గర సుడి తిరుగుతుంది, డబ్బా బరువుకు మిర్రర్ వణికి వెనక వచ్చే లారీ రెండుగా కనపడుతుంది. ఇంత చేసి దక్కేది జానెడు ఎత్తు. పెద్ద జీపులో ఆ తేడా ఏమైనా ఉంటే ఉండొచ్చు, నేల మీద కూర్చున్నట్టుండే కారులో జానెడుతో ఒరిగేదేమీ లేదు.

నాకు కుదిరిన చోటు డ్యాష్‌బోర్డ్ నడిమధ్య, ఏసీ గాలి వచ్చే రెండు బొక్కల మధ్య. అక్కడ ముందే ఒక స్క్రూ ఉంది. దానికి వంచిన అల్యూమినియం పట్టీ బిగించి, దాని మీద డిటెక్టర్‌ను జారించి తీసేలా గాడి పెట్టాను. ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగ్ మూతకు దూరంగా, వైపర్లు ఆగే చోటుకు పైన. వైపర్ ఇనుము కదా, ముందు నుంచి వచ్చే తరంగానికి అడ్డం. గాజు అడ్డం కాదు, లోపల లోహపు పూత ఉన్న గాజైతే తప్ప. ముక్కు రోడ్డుకు సమాంతరంగా ఉండేలా చూసుకున్నాను. వెనక వైపు కూడా ఆలోచించాల్సిందే. సీటు వెనక నుంచి వచ్చే తరంగానికి మనిషే గోడ, ఒంటి నిండా నీరే కాబట్టి. నడిమధ్యన ఉంటే రెండు సీట్ల సందులోంచి డిటెక్టర్‌కు దారి ఉంటుంది. గుడ్డ టాప్ వేసినా, వెనక ప్లాస్టిక్ కిటికీ వేసినా ఆ దారి మూసుకుపోదు. మడత పెట్టే లోహపు టాప్ ఉన్నవాళ్ల సంగతి వేరు.

కారు ఆపినప్పుడల్లా డిటెక్టర్ తీసి జేబులో వేసుకుంటాను. టాప్ దించిన కారుకు తలుపు తాళం ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. సక్షన్ కప్పు వదిలే గుండ్రటి మచ్చ కూడా దొంగకు చీటీ రాసి పెట్టినట్టే.

వైరింగ్ పని చేతకాక కాదు, డ్యాష్‌బోర్డ్ కింద దూరడానికి నడుము సహకరించక ఒక మెకానిక్‌కు ఇచ్చాను. ఆయన తాళం చెవి తిప్పినా తిప్పకున్నా కరెంటు ఉండే ఫ్యూజ్‌కు కలిపాడు. నేనో, పెళ్లికి వెళ్లిన హడావుడిలో డిటెక్టర్‌ను కారులోనే వదిలేశాను. అది తీసుకునేది పావు ఆంపియరే. రోజుకు ఆరు ఆంపియర్ అవర్లు. ఇలాంటి చిన్న కార్లలో బ్యాటరీ ముప్పై చిల్లరే, ఐదారు రోజుల్లో ఖాళీ. వారం తర్వాత వచ్చి చూస్తే కారు కిక్కురుమనలేదు. నడుము సంగతి పక్కనపెట్టి, ఇగ్నిషన్ వేస్తేనే కరెంటు వచ్చే ఫ్యూజ్ వెతికి, మధ్యలో రెండు ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టి నేనే మార్చుకున్నాను.

మీ వ్యాసంలో ఒక తప్పు మాత్రం దిద్దుకోవాలి. లేజర్ హెచ్చరిక వచ్చాక వేగం తగ్గించే సమయం ఉంటుందని రాశారు. లేజర్ గన్ 904 నానోమీటర్ల పరారుణ కాంతిని చిన్న చిన్న తునకలుగా పంపి, అవి తిరిగొచ్చే సమయాన్ని బట్టి అర సెకనులోపే వేగం తేలుస్తుంది. మూడొందల మీటర్ల దూరంలో ఆ కిరణం వెడల్పు మీటరుకు మించదు. అది గురిపెట్టేది నంబర్ ప్లేట్ మీదో హెడ్‌లైట్ల మీదో. డిటెక్టర్ కూసిందంటే మీ వేగం గన్ పట్టుకున్న పోలీసు చేతిలో పడిపోయినట్టే. పాఠకులు మీ మాట నమ్మి ఆ కూత వినగానే బ్రేక్ మీద నిలబడితే వెనక వచ్చేవాడి గతేంటి?

చట్టం గురించి కూడా రెండు ముక్కలు వేసి ఉండాల్సింది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సొంత కార్లకు అభ్యంతరం లేదు, వర్జీనియాలోనూ వాషింగ్టన్ డీసీలోనూ నిషేధం. కెనడాలో బ్రిటిష్ కొలంబియా, ఆల్బర్టా, సస్కాచెవాన్‌లలో పర్వాలేదు, మిగతా చోట్ల వస్తువే లాక్కుంటారు. ఫ్రాన్స్ 2012లో హెచ్చరిక పరికరాలను నిషేధించింది, జర్మనీలో వాడకం నిషిద్ధం. దాచిపెట్టుకుందామంటే కుదరదు. డిటెక్టర్ లోపల తరంగాలు పుట్టించే ఆసిలేటర్ అనే సర్క్యూట్ నుంచి సన్నగా తరంగం లీకవుతుంది, దాన్ని పసిగట్టే పరికరాలు పోలీసుల దగ్గర ఉంటాయి. డిటెక్టర్‌ను పట్టే డిటెక్టర్ అన్నమాట. ఈ పట్టీ బిగింపులో నాకు బాగా నచ్చిన విషయం ఇదే, సరిహద్దు దాటే ముందు రెండు సెకన్లలో ఊడదీసేయొచ్చు.

ఇంత రాశాక, ఇన్ని తంటాలు పడేది వేగంగా పోవడానికేగా అని మీరు అడగొచ్చు. మోజు లేదంటే అబద్ధం. అయితే నేల మీద కూర్చున్నట్టుండే కారులో టాప్ తీస్తే ఎనభైకే నూట ఇరవైలా ఉంటుంది, నా మోజు చాలావరకు అక్కడే తీరిపోతుంది. పోయిన నెల మాత్రం ఇంటికి జరిమానా నోటీసు వచ్చింది. రెండు కెమెరాల మధ్య దూరం ఎంతసేపట్లో దాటానో నంబర్ ప్లేట్ చూసి సగటు వేగం లెక్కగట్టారు. అక్కడ రాడారే లేదు, కాబట్టి నా డిటెక్టర్ కూయలేదు. కట్టేశాను.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, రిటైరైన మైక్రోవేవ్ టెక్నీషియన్