క్రోధి నామ సంవత్సరం: మన పాత కార్ల సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

నిరుడు ఉగాది (2024 ఏప్రిల్ 9) నుంచి ఈ ఉగాది (2025 మార్చి 30) దాకా డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్ల పాత కార్ల సంఘం ఏం చేసిందో చెప్పడం కార్యదర్శిగా నా వంతు. పోయినేడాది నివేదిక పద్దుల పుస్తకంలా ఉందని కొందరు మొహం మీదే అన్నారు. అందుకే ఈసారి పద్దులు చివరికి నెట్టేశాను. మన శనివారాలన్నీ మింగేసిన కారు సంగతే ముందు.

మస్టాంగ్ వచ్చిన వైనం

సంఘం సొంతానికి ఒక కారు ఉండాలని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. నిరుటి చలికాలంలో డెట్రాయిట్‌కు దక్షిణాన ఉన్న డౌన్‌రివర్ శివార్ల వైపు ఒక ఇంట్లో 1966 ఫోర్డ్ మస్టాంగ్ దొరికింది. ఆ ఇంటి పెద్దాయన పోయాక గ్యారేజీ ఖాళీ చేస్తూ పిల్లలు అమ్మకానికి పెట్టారు. కారు గుర్తింపు నంబరు 6ఎఫ్07సి తో మొదలవుతుంది. 6 అంటే 1966, ఎఫ్ అంటే డియర్‌బోర్న్ ఫ్యాక్టరీ, 07 అంటే రెండు తలుపుల హార్డ్‌టాప్, సి అంటే 289 ఘనపుటంగుళాల వి8 ఇంజను, రెండు గొంతుల కార్బురేటర్, 200 హార్స్‌పవర్. పుట్టిన చోటి నుంచి మన చేతికి వచ్చిన చోటికి పట్టుమని అరగంట ప్రయాణం కూడా లేదు. ఆ పెద్దాయన పనిచేసిందీ ఆ డియర్‌బోర్న్ ఫ్యాక్టరీలోనే. కారుతో పాటు ఒక చెప్పుల పెట్టె నిండా రసీదులిచ్చారు. నన్నడిగితే కారు కంటే ఆ పెట్టే విలువైంది.

మస్టాంగ్ అసలు మజిల్ కారేనా అని కొనకముందే మనలో రగడ మొదలైంది. పాంటియాక్ జీటీఓ ఉన్న మన సభ్యుడు ఇప్పటికీ ఒప్పుకోడు. ఆయన వాదన తీసిపారేసేదేం కాదు. మధ్య తరహా కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ అప్పట్లో నియమం పెట్టుకుంది. జనరల్ మోటార్స్ వాళ్లదే అయిన పాంటియాక్‌లో జాన్ డెలోరియన్ బృందం 1964 మోడల్ టెంపెస్ట్ లె మాన్స్‌లో 389 ఇంజను దించి, ఇది వేరే కారు కాదు, కొనేవాళ్లు కోరుకుంటే ఇచ్చే అదనపు సరంజామా అని రాసి ఆ నియమాన్ని దాటేసింది. అదే జీటీఓ. 5,000 పోతే చాలనుకుంటే మొదటి ఏడాదే 32,450 అమ్ముడయ్యాయి. మధ్య తరహా బండిలో పెద్ద ఇంజను పెట్టినదే మజిల్ కారు, మస్టాంగ్ పోనీ కారు (చిన్న స్పోర్టీ కారు) మాత్రమే అంటాడాయన. నిజమే. అయితే మన దగ్గరున్న డబ్బుకు జీటీఓలో స్టీరింగు చక్రం మాత్రమే వస్తుంది.

మస్టాంగ్ అమ్మకానికి వచ్చింది 1964 ఏప్రిల్ 17న. అరవై ఏళ్లు నిండిన రోజు నిరుడు సరిగ్గా శ్రీరామనవమి అయింది. మనం కావాలని కుదిర్చింది కాదు, పంచాంగమే కుదిర్చింది. తుప్పు పట్టిన బానెట్ మీద అరిటాకు పరిచి వడపప్పు, పానకం పెట్టారు. బానెట్ కాదు, హుడ్ అనాలని పిల్లలు సరిదిద్దారు. పానకం చుక్క కూడా మిగల్లేదు.

నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి

మే నెలంతా నేల రేకులతోనే సరిపోయింది. కార్పెట్ ఎత్తితే డ్రైవరు కాళ్ల దగ్గర పాత రోడ్డు సైన్‌బోర్డు ముక్క ఒకటి రివెట్లు కొట్టి ఉంది. దాని కింద సిమెంటు నేల కనిపించింది. కొత్త రేకులు తెప్పించి అతికించేద్దామని అందరం తొందరపడ్డాం. విజయవాడ ఆటోనగర్‌లో తండ్రి టింకరింగ్ షెడ్డులో పెరిగిన మన సభ్యుడొకాయన ఆపాడు. ఇంటి కప్పు కారుతుంటే ముందు గచ్చు బాగుచేస్తారా అని అడిగాడు. చెంబుతో నీళ్లు తెచ్చి వైపర్ల కింద గాలి పీల్చుకునే జాలీలో పోశాడు. గ్లవ్ బాక్స్ కింద నుంచి ధార కట్టింది.

ఆ కాలం మస్టాంగుల పెద్ద జబ్బు అదే. జాలీ కింద ఉండే పెట్టె లాంటి భాగంలో ఆకులు, తడి చేరి లోపలి నుంచి తుప్పు తినేస్తుంది. బయటికి ఏమీ కనబడదు. బాగుచేయాలంటే ఫెండర్లు విప్పి, వందకు పైగా స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్లుతో తీసి, పై రేకు మొత్తం ఎత్తాలి. ఆరు శనివారాలు పట్టింది. మిగిలిన తుప్పంతా రోడ్ల మీద చల్లే ఉప్పు పుణ్యం. డెట్రాయిట్ నగరం కిందే, దాదాపు 1,100 అడుగుల లోతున ఉప్పు గని ఉంది. పైన కార్లు కట్టారు, కింద వాటిని తినే ఉప్పు తవ్వారు. ఒకే ఊరు రెండూ చేసింది.

బ్రేకుల గొడవ

ఇది దాచాల్సిన విషయం కాదు కాబట్టి రాస్తున్నాను. జూలైలో హైన్స్ డ్రైవ్ అనే పార్కు రోడ్డు మీద మన సభ్యుడి 1965 మస్టాంగ్ బ్రేక్ పెడల్ ఒక్కసారిగా నేలకు దిగిపోయింది. ఆ కార్లలో మాస్టర్ సిలిండర్‌కు, అంటే పెడల్ తొక్కితే చక్రాలకు బ్రేకు ద్రవం నెట్టే భాగానికి, ఒకటే గది. నాలుగు చక్రాలలో ఎక్కడ కారినా మొత్తం బ్రేకు పోతుంది. రెండు గదులది 1967 మోడల్ నుంచే వచ్చింది. వెనక చక్రం సిలిండర్ దగ్గర తడి కనబడుతోందని అంతకు వారం ముందే చూశాం. తరవాత చూద్దాంలే అనుకున్నాం. తనిఖీ కాగితం మీద సంతకం నాదే. గేర్లు దించి, హ్యాండ్‌బ్రేకు లాగి, కారును పిక్నిక్ స్థలం గడ్డి మీదికి ఎక్కించాడాయన. ఎవరికీ ఏమీ కాలేదు. పక్క సీట్లో ఆయన కూతురు ఉంది.

ఆ వారమే అత్యవసర సమావేశం పెట్టాం. సంఘం కారుకు రెండు గదుల మాస్టర్ సిలిండర్ వేయాలా, పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలా అన్నది ప్రశ్న. ఒకసారి మార్చడం మొదలుపెడితే దేనికీ హద్దుండదని ఒక పక్షం. రేపు రేడియో, ఎల్లుండి ఏసీ, చివరికి మిగిలేది గుర్రం బొమ్మేనని వాళ్ల భయం. ఆ భయాన్ని నేను గౌరవిస్తాను, కానీ నా ఓటు అటు పడలేదు. మార్చాలని 14, వద్దని 9. పాత సిలిండరును గ్రీజు పూసి, చీటీ కట్టి, డిక్కీలో భద్రపరిచాం. ఎవరైనా మ్యూజియానికి ఇవ్వాలనుకుంటే గంటలో తిరిగి బిగించొచ్చు. రబ్బరు పెట్రోలు గొట్టాలన్నీ కూడా మార్చాం. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది.

వుడ్‌వర్డ్

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్, వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు. 1909లో దేశంలోనే తొలి మైలు కాంక్రీటు రోడ్డు పడింది వుడ్‌వర్డ్ అవెన్యూ మీదే, సిక్స్ మైల్, సెవెన్ మైల్ రోడ్ల మధ్య. అరవైలలో ఫ్యాక్టరీల ఇంజనీర్లు కొత్త ఇంజన్లను రాత్రిపూట ఈ రోడ్డు మీదే పరుగు పెట్టించేవారు. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి చందా పోగుచేయడానికి మొదలైన సరదా ఇప్పుడు జాతరంత అయింది. మన మస్టాంగ్‌కు అప్పటికి చక్రాలే లేవు. అందుకని సభ్యుల కార్లు నాలుగు వెళ్లాయి: జీటీఓ, షెవర్లే షెవెల్, బ్రేకులు బాగుచేసుకున్న 1965 మస్టాంగ్, మనమంతా వంకాయ కారు అని పిలిచే 1970 ఛాలెంజర్. ఆ రంగుకు డాడ్జ్ పెట్టిన పేరు ప్లమ్ క్రేజీ. వంకాయే బాగుందని నా అభిప్రాయం.

రాయల్ ఓక్ దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. పులిహోర పొట్లాలు మనకంటే వచ్చేపోయేవాళ్లకే ఎక్కువ పోయాయి. ఒక పెద్దావిడ షెవెల్ దగ్గర చాలాసేపు నిలబడింది. తన భర్త కారు అచ్చం ఇలాంటిదేనట. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపాక పెట్రోలు బంకు ముందు బారులో నిలబడి నిలబడి విసిగి, మరుసటి వారం చవగ్గా అమ్మేశాడట. కొన్నవాడి మీద ఆమె కోపం ఇంకా తగ్గలేదు.

ప్రతిసారీ మనల్ని అడిగే ప్రశ్న ఈసారీ అడిగారు: ఈ కార్లతో మీకేం సంబంధం? మన చిన్నప్పటి జ్ఞాపకాల్లో అంబాసిడర్ ఉంది, పద్మిని ఉంది, కొందరికి ఊళ్లో దొరగారి ప్లిమత్ ఉంది. జీటీఓ లేదు. నేనిచ్చే జవాబు ఒకటే. మనలో సగం మంది ఇక్కడి కార్ల కంపెనీల్లోనే కంప్యూటర్ల ముందు పనిచేస్తాం. వారమంతా తెర మీద చూసే కారును శనివారం పానా పట్టుకుని విప్పి చూడాలనిపిస్తుంది. జ్ఞాపకాలు మనవి కాకపోవచ్చు, వేళ్లకు అంటిన గ్రీజు మాత్రం మనదే.

జ్ఞాపకాల నమోదు

ఈ ఏడాది కొత్తగా మొదలైన పని ఇది, నాకు అన్నిటికంటే నచ్చింది కూడా. ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన వాళ్ల మాటలను వాళ్ల అనుమతితో రికార్డు చేస్తున్నాం. ఇప్పటికి నలుగురివి అయ్యాయి. ఒకాయన అసెంబ్లీ లైనులో తలుపు అద్దాలు బిగించేవాడు. ఎలా బిగించేవారని అడిగితే గుర్తులేదన్నాడు. మన మస్టాంగ్ తలుపు దగ్గరికి తీసుకెళ్లాం. చెయ్యి లోపలికి పెట్టి, చూడకుండానే పట్టాలు తడుముకుంటూ అద్దం కూర్చోబెట్టేశాడు. వీడియోలో ఆయన మొహం కంటే చెయ్యే ఎక్కువ కనబడుతుంది, అదే మంచిదైంది.

డెట్రాయిట్ మధ్యలోనే ఉన్న హామ్‌ట్రామ్క్ ఊరికి వెళ్లిన యాత్ర చిన్నదే. ఛాలెంజర్, ప్లిమత్ బరాకూడాలు తయారైన డాడ్జ్ మెయిన్ ఫ్యాక్టరీని 1981లో పడగొట్టారు. ఆ ప్రాంతంలో ఇప్పుడున్న ఫ్యాక్టరీలో ఎలక్ట్రిక్ ట్రక్కులు కడుతున్నారు. అక్కడ పనిచేసే మన సభ్యుడే బయటి నుంచి చూపించాడు. వంకాయ కారు యజమాని గేటు ముందు ఫోటో దిగాడు. సెక్యూరిటీ వాళ్లు కూడా దిగారు.

జనవరి సమావేశంలో ఈ కార్ల యుగం ఎందుకు ముగిసిందో ఒక సభ్యుడు చెప్పాడు. 1970 గాలి కాలుష్య చట్టం, కుర్రాళ్ల మీద పెరిగిన బీమా, తగ్గించిన కంప్రెషన్, ఆపైన చమురు. 1972 నుంచి హార్స్‌పవర్ కొలిచే పద్ధతే మారిందని, ఇంజనుకు తగిలించే సరంజామా అంతా బిగించి కొలవడంతో అదే ఇంజను కాగితం మీద నీరసపడిందని వివరించాడు. బయట మంచు దంచుతున్నా ఎవరూ లేవలేదు.

దసరా

సెప్టెంబరు చివరి శనివారం ఇంజను తొలిసారి మోగింది. అంతకుముందు రెండు వారాలు మొరాయించింది. తప్పు మనదే, రెండు ప్లగ్ వైర్లు తారుమారయ్యాయి. అది కనిపెట్టింది పదమూడేళ్ల పిల్ల. ఇంజను సిలిండర్లు మండే వరస ఒకటి, ఐదు, నాలుగు, రెండు, ఆరు, మూడు, ఏడు, ఎనిమిది అని ఎక్కంలా బట్టీ పట్టిందామె. ప్లగ్గులకు నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య సందు అంగుళంలో వెయ్యింట 17 వంతులు ఉండాలని ఫీలర్ గేజ్‌తో సరిచూసిందీ ఆమే. ఆటోనగర్ సభ్యుడు ఆమెను చిన్న మేస్త్రీ అని పిలవడం మొదలుపెట్టాడు.

అక్టోబరు 12, విజయదశమి, శనివారం కలిసొచ్చింది. పసుపు, కుంకుమ, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మస్టాంగ్ తన కాళ్ల మీద తాను పది అడుగులు కదిలి నిమ్మకాయలు తొక్కింది, తరవాత డ్రైవ్‌వే మీద కొంచెం నూనె కూడా కార్చింది. కొబ్బరికాయ నేల మీదే కొట్టాం, ఎందుకంటే బంపర్లు ఇంకా రాలేదు. క్రోమ్ పూతకు ఇచ్చిన చోట ఆరు వారాలన్నది ఐదు నెలలైంది. పేరు రాయను, అడిగితే సమావేశంలోనూ చెప్పను.

పద్దులు, మిగిలిన పనులు

ఏడాది మొదట్లో 31 కుటుంబాలు, ఇప్పుడు 34. కారుకు 6,000 డాలర్లు ఖర్చవుతుందని అంచనా వేశాం, 9,340 అయింది. తేడాకు సగం కారణం జాలీ, సగం నా ఆశావాదం. కోశాధికారి లెక్కలు విడిగా పంపారు, రసీదులన్నీ ఆ చెప్పుల పెట్టెలోనే పెద్దాయన రసీదుల పైన పెట్టాం.

హిస్టారికల్ ప్లేటుకు, అంటే పాత కార్లకిచ్చే ప్రత్యేక నంబరు ప్లేటుకు, దరఖాస్తు సిద్ధంగా ఉంది. మిషిగన్‌లో 26 ఏళ్లు, అంతకు పైబడిన కార్లకు ఇస్తారు. ప్రదర్శనలకు, క్లబ్బు పనులకే నడపాలి, ఆగస్టులో మాత్రం మామూలుగా తిరగొచ్చు. కాబట్టి ఆగస్టు తాళాల కోసం ఇప్పటినుంచే నన్ను కాకాపట్టకండి, చీట్లు తీస్తాం. సీసం లేని పెట్రోలును తట్టుకునేలా ఇంజను వాల్వు సీట్లు గట్టిపరిచే పని ఈ ఏడాదికి వాయిదా వేశాం, ఇంత తక్కువ తిరిగే బండికి ఇప్పుడే అవసరం లేదు. జింకు ఎక్కువున్న ఇంజనాయిలు మాత్రం మర్చిపోవద్దు.

చివరగా ఒక విన్నపం. ఎడమ వైపు వెనక కిటికీ అద్దం తిప్పే పిడి పోయింది. కొత్త నకళ్లు దొరుకుతాయి కానీ పాతది ఎవరి గ్యారేజీలోనైనా ఉంటే వచ్చే శనివారం పొద్దున తొమ్మిదికి తెండి. టిఫిన్ ఉప్మా.

కార్యదర్శి