నీలం రంగు ‘గుడ్’ సగం మాటే

సంపాదకులకు నమస్కారం.

హార్డ్ డిస్క్ ఆరోగ్యం గురించి రాసేవాళ్లు చాలామంది ‘డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో ప్రోగ్రాంలో నీలం రంగు గుడ్ కనిపిస్తే దిగుల్లేదు’ అని తేల్చేస్తున్నారు. స్మార్ట్ అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు. ఆ రీడింగుల్లో ఏ విలువా తయారీదారు గీసిన గీత దిగలేదన్నదే, వాటిని చదివే మరో ప్రోగ్రాం స్మార్ట్‌సీటీఎల్ చెప్పే ‘పాస్డ్’కు అర్థం. ఆ గీత ఎంత కిందికి ఉంటుందంటే, సెక్టార్లు, అంటే డేటా దాచే చిన్న చిన్న గదులు, పోవడం మొదలైన డిస్క్ కూడా హాయిగా పాసైపోతుంది.

చూడాల్సింది రీడింగుల పట్టికలో చివరి నిలువు వరుస, రా వాల్యూ, అంటే డిస్క్ లెక్కించిన అసలు అంకె. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో దాన్ని మామూలుగా హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కించే అంకెల్లో, చూపిస్తుంది కాబట్టి అక్కడ 10 అంటే 16. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్‌కు వెళ్లి డెసిమల్‌కు మార్చుకుంటే ఈ తికమక ఉండదు. ముఖ్యంగా ఈ మూడు నంబర్ల రీడింగుల మీద కన్నుండాలి: 5, 197, 198. ఇదే పట్టికలో చివరి రెండూ సీ5, సీ6 పేర్లతో ఉంటాయి.

5 అంటే ఇప్పటికే పాడై, స్పేర్ సెక్టార్లకు మార్చేసినవి. 198 అంటే డిస్క్ తనను తాను పరీక్షించుకున్నప్పుడు చదవలేకపోయినవి. 197 అంటే చదవబోతే రానివి, ఇంకా తీర్పు రానివి (పెండింగ్). అక్కడ మళ్లీ ఏదైనా రాసినప్పుడే సంగతి తేలుతుంది: రాత నిలిస్తే 197 తగ్గుతుంది, నిలవకపోతే 5 పెరుగుతుంది. రాస్తుండగా కరెంటు పోయినా ఒకటీ అరా పెండింగ్ పడవచ్చు. అందుకే ఒక్కరోజు అంకె కన్నా వారం తర్వాతి అంకె ఎక్కువ చెబుతుంది. పెరుగుతోందా, ముందు డేటా కాపీ చేసుకోవాలి, లాంగ్ టెస్ట్ ఆ తర్వాతే. ఆ టెస్ట్ డిస్క్ మొత్తాన్ని చదివిస్తుంది, కొన ఊపిరితో ఉన్నదానికి ఆ పని పెట్టకూడదు.

డిస్క్‌కూ కంప్యూటర్‌కూ మధ్య డేటా బదిలీలో పడ్డ తప్పుల లెక్క 199 (సీ7) పెరిగితే మాత్రం డిస్క్‌ను తిట్టకండి, చాలాసార్లు తప్పు సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చినా పాత అంకె తగ్గదు, రాసిపెట్టుకుని ఇంకా పెరుగుతోందేమో చూడాలి. సీగేట్ కంపెనీ డిస్కుల్లో 1 (చదవడంలో తప్పులు), 7 (తలను సరైన చోటికి జరపడంలో తప్పులు) ఎదుట కోట్లలో అంకెలు చూసి గుండె ఆగినంత పనవుతుంది. అక్కడ తప్పుల లెక్కా, చేసిన పనుల లెక్కా ఒకే సంఖ్యలో కలిసి ఉంటాయంతే.

అన్నీ సున్నా అయినా బ్యాకప్ మానకూడదు. గూగుల్ 2007లో వెలువరించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా నాలుగు ప్రధాన సూచికల్లో ఒక్క తప్పు కూడా చూపలేదు. అదే అధ్యయనం మరో మాటా చెప్పింది: తొలి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తన ఉపరితలాన్ని తనిఖీ చేసుకుంటున్నప్పుడు దొరికిన తప్పు) పడ్డ డిస్క్ 60 రోజుల్లో పోయే అవకాశం, అలాంటి ఎర్రర్ లేనివాటితో పోలిస్తే 39 రెట్లు.

ఇక టక్ టక్‌మని చప్పుడు మొదలయ్యాక ఏ రీడింగూ చూడనక్కర్లేదు. కంప్యూటర్ ఆపి, డిస్క్ తీసి పక్కన పెట్టాలి. డేటా విలువైనదైతే రికవరీ నిపుణుల చేతికి వెళ్లేదాకా మళ్లీ కరెంటు ఇవ్వకూడదు.

ఇట్లు,
ఒక పాఠకుడు