డబ్బులిస్తే తాగేస్తారన్నావుగా

పద్మా,

ఎలా ఉన్నావే? మొన్న ఫోన్‌లో నువ్వన్నమాట ఇంకా బుర్రలో తిరుగుతూనే ఉంది, "పేదవాళ్ళకి డబ్బులిస్తే పిల్లల నోట్లోకి పోతాయా, మొగుడి సీసాలోకి పోతాయి" అని. అప్పుడు పోట్లాడే ఓపిక లేదు, ఇప్పుడు తీరిగ్గా పోట్లాడతాను.

ముందు ఆ సీసా సంగతి. 2014లో ప్రపంచ బ్యాంకు వాళ్ళు చాలా దేశాల లెక్కలు తీసి చూస్తే, ఇలా డబ్బిచ్చినందువల్ల మందు, సిగరెట్ల ఖర్చు పెరిగినట్టు తేలలేదు. అయిపోయింది.

అసలు విషయం బంగ్లాదేశ్‌ది. ఉత్తరాన రంగపూర్ వైపు వరికోతలకి ముందు కూలిపనులు దొరకవు, ఆ ఆకలి రోజులకి వాళ్ళు 'మొంగా' అని పేరే పెట్టుకున్నారు. అక్కడ 2012 నుంచి రెండేళ్ళు, చంటిపిల్లలున్న పేద తల్లులకి నెలనెలా 1500 టాకాల విలువైన సాయం ఇచ్చి చూశారు. కొన్ని ఊళ్ళలో డబ్బు ఒక్కటే, కొన్నిట్లో బియ్యం, పప్పు, నూనె, ఇంకొన్నిట్లో డబ్బుతోపాటు వారంవారం కూర్చోబెట్టి బిడ్డకి ఏం పెట్టాలో మాట్లాడటం. ఉత్త డబ్బు ఇచ్చినచోట ఇంట్లో తిండి మెరుగైంది గానీ పిల్లల ఎదుగుదలలో చెప్పుకోదగ్గ తేడా రాలేదట. డబ్బూ మాటా కలిసినచోట మాత్రం వయసుకి తగ్గ ఎత్తులేని పిల్లల శాతం 7.3 పాయింట్లు తగ్గింది! రెండేళ్ళలో అంటే చిన్న సంగతి కాదే.

నాకు బాగా నచ్చిందేంటంటే, ఆ మాటలకి అత్తగార్లనీ మొగుళ్ళనీ కూడా పిలిచారు. ఏడో నెలలో మా పెద్దోడికి గుడ్డు పెడదామంటే మా అత్తగారు "అరగదు" అన్నారు, ఉద్యోగం చేస్తూ, చేతిలో జీతం ఉండి కూడా నేను నోరెత్తలేదు. ఇక కూలికెళ్ళే పిల్ల ఏం ఎత్తుతుంది?

మన దగ్గర మాతృ వందన అనే కేంద్ర పథకం కింద మొదటి కాన్పుకి ఇచ్చేది 5000, రెండోసారి ఆడపిల్ల పుడితే 6000. అదీ నెలనెలా కాదు, మొదటిది విడతల్లో, రెండోది ఒకేసారి. 2013 ఆహార భద్రత చట్టంలో కనీసం 6000 అని రాసి ఉన్నా మొదటి బిడ్డకి ఇంతే. బిడ్డేమో రోజూ తినాలి కదా!

అన్నట్టు, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయికి తొలిచూలు అన్నావు కదూ. అంగన్‌వాడీలో పేరు రాయించిందో లేదో, బ్యాంకు ఖాతాకి ఆధార్ కలిపి ఉందో లేదో రేపే కనుక్కో. వాళ్ళ అత్తగారిని కూడా పిలిచి కూర్చోబెట్టు, ఓ కప్పు టీ ఇవ్వు.

నీ
సుజాత