కువైట్ గురించి ఫోన్ చెప్పేది సగమే

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంటిపనికి కువైట్ వెళ్ళి కష్టాల్లో పడ్డ మన ఆడవాళ్ళు ఏడుస్తూ పంపే సెల్ఫీ వీడియోలు తరచూ పత్రికల్లో వార్తలవుతున్నాయి. వెయ్యడం మంచిదే. వీడియో నలుగురి చేతుల్లో పడి, నాయకులు కదిలి, ఎంబసీ దాకా సంగతి పోయాకే ఇల్లు చేరినవాళ్ళు ఎందరో ఉన్నారు. కానీ ఆ వీడియోలతో పాటు, ఆ దేశాలవాళ్ళు తమ ఇళ్ళ గురించి తామే రాసుకున్న కథలు, నవలలు కూడా మాకు అందించండి. అది అడగడానికే ఈ ఉత్తరం.

మా పిన్ని చాలా ఏళ్ళుగా కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తోంది. సెలవు మీద వచ్చినప్పుడల్లా చూడ్డానికి వచ్చినవాళ్ళు అడిగేవి రెండే. "కొడతారా?", "ఈసారి బంగారం ఎంత తెచ్చినావు?" రెండూ ఫోన్ నేర్పిన ప్రశ్నలే. మొదటిది ఏడుపు వీడియోల నుంచి, రెండోది ఏజెంట్లు వాట్సాప్‌లో తిప్పే మాల్స్, కార్ల రీల్స్ నుంచి. పిన్ని చెప్పాలనుకునేది వేరే. తాను ఎత్తుకుని పెంచిన పిల్లాడు తన చేత్తో పెడితే తప్ప ముద్ద ముట్టడు. వాడి తల్లి శుక్రవారం తప్ప ఈమె చేతికి ఫోన్ ఇవ్వదు. ఈమెకు జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చున్నదీ ఆవిడే. ఇదంతా వినే ఓపిక ఎవరికీ ఉండదు. "ఆ అరబ్బులంతా అంతే" అనో, "నీకేమమ్మా, దినార్లు" అనో తేల్చేసి లేచిపోతారు.

కువైట్ రచయిత సౌద్ అల్‌సనూసీ 2012లో రాసిన 'సాక్ అల్‌బాంబూ' నవలను ఇంగ్లీషు అనువాదంలో చదివినప్పుడు పిన్ని చెప్పే ఇల్లు నా కళ్ళకు కట్టింది. 2013లో అరబ్బీ నవలలకిచ్చే అంతర్జాతీయ బహుమతి దానికి వచ్చింది. ఫిలిప్పీన్స్ నుంచి పనికొచ్చిన జోసెఫిన్‌ను ఆ ఇంటి కొడుకు రాషిద్ గుట్టుగా పెళ్ళి చేసుకుంటాడు. బిడ్డ పుట్టాక తల్లీబిడ్డలను ఆమె దేశానికి పంపేస్తారు. ఆ బిడ్డ పెద్దవాడై తండ్రి గడప తొక్కితే, నాయనమ్మ గనీమా అతన్ని పనివాళ్ళ గదుల వైపు ఉంచుతుంది. ఇరుగుపొరుగుకు మాత్రం కొత్త పనివాడని చెబుతారు. ఆమె రాక్షసేమీ కాదు. పోయిన కొడుకు గొంతు మనవడిలో వినబడి కరిగిపోతుంది కూడా. కానీ నలుగురూ ఏమనుకుంటారో, ఇంటి పరువు ఏమవుతుందో అన్న భయం ముందు ఆ ప్రేమ నిలవదు. మానవ హక్కుల కోసం మాట్లాడే మేనత్త హింద్ కూడా ఈ మేనల్లుణ్ణి బయట నావాడని చెప్పుకోలేకపోతుంది. కువైట్‌వాడే కువైట్ ఇళ్ళ గురించి ఇంత నిజం రాశాడు.

సోషల్ మీడియాకు బలం లేదని నేననను. 2018 జూలైలో కువైట్ ఇన్‌స్టాగ్రామ్ తార సొందుస్ అల్‌ఖత్తాన్, ఫిలిప్పీన్స్ పనివాళ్ళకు వారానికో సెలవు, పాస్‌పోర్ట్ తమ దగ్గరే ఉంచుకునే హక్కు ఇచ్చిన కొత్త నిబంధనలను తప్పుబడుతూ వీడియో పెట్టింది. ఆమెకు 20 లక్షలకు పైగా ఫాలోవర్లు. ప్రపంచం దుమ్మెత్తిపోసింది. కొన్ని మేకప్ కంపెనీలు ఆమెతో తెగతెంపులు చేసుకున్నాయి. మరుసటి ఏడాదే, కువైట్‌లో పనిమనుషులను యాప్‌లలోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ అమ్మకానికి పెడుతున్నారని బీబీసీ అరబిక్ బయటపెట్టింది. అంత రచ్చ జరిగాక కూడా ఆ వ్యాపారం నడుస్తూనే ఉండిందన్నమాట. ఇంకో మనిషి పాస్‌పోర్ట్ దాచుకోవడం తన హక్కని ఒకావిడ కెమెరా ముందు అంత తేలిగ్గా ఎలా అనగలిగింది? ఆ జవాబు కామెంట్లలో దొరకదు.

నాకైతే అది ఒమన్ రచయిత్రి జోఖా అల్‌హార్థీ నవలలో కొంత దొరికింది. 2010లో వచ్చిన ఆ నవల అనువాదానికి 2019లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ బహుమతి ఇచ్చారు. ఒమన్‌లో బానిసత్వాన్ని రద్దుచేసింది 1970లో. నవలలో మంచాన పడ్డ వర్తకుడు సులేమాన్, ఉల్లిపాయలు దొంగిలించాడని ఒకప్పటి తన బానిస సంజర్‌ను కట్టెయ్యమని కేకలేస్తుంటాడు. ఇప్పుడు బానిసలు లేరని కొడుకు ఎంత చెప్పినా తలకెక్కదు. తల్లిలేని ఆ కొడుకును పెంచింది బానిసగా పుట్టిన జరీఫానే.

వెళ్ళేవాళ్ళు నవలలు చదువుతారా అని మీరు అడగొచ్చు. ఇంటర్, డిగ్రీ చదివే వాళ్ళ పిల్లలు చదువుతారు. అమ్మ ఎలాంటి ఇంట్లో ఉందో తెలుసుకోవాలని వాళ్ళకు ఉండదా? శరత్‌ను, రష్యన్ రచయితలను మనం తెలుగులోనే చదువుకుని మనవాళ్ళను చేసుకున్నాం. లక్షల మంది మనవాళ్ళ అన్నం ముడిపడిన అరబ్బు దేశాల సాహిత్యం దగ్గరికి వచ్చేసరికి ఎందుకింత కరువు? పాత అరబ్బీ గ్రంథాలను అచ్చువేసే దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ హైదరాబాద్‌లో 1888లోనే మొదలైంది. ఉస్మానియాలో, అక్కడే ఉన్న ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో అరబ్బీ శాఖలున్నాయి. ఇంగ్లీషు మీదుగా పోకుండా నేరుగా తెలుగు చెయ్యగలవాళ్ళు అక్కడ దొరకకపోరు. అనుమతులు తీసుకుని ఆదివారం అనుబంధంలో నెలకొక అరబ్బీ కథ వెయ్యండి.

ఈసారి ఏడుపు వీడియో వార్త వేసేటప్పుడు, పక్కనే బాక్సు కట్టి కువైట్ 2015 నాటి 68వ నంబరు చట్టం ఏం చెబుతోందో కూడా ఇవ్వండి. ఇంటిపనివాళ్ళకు రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదు. వారానికో రోజు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. ఆమె ఒప్పుకోనిదే పాస్‌పోర్ట్ యజమాని దగ్గర పెట్టుకోకూడదు. పెట్టె సర్దుకునే ముందే మా ఊళ్ళ ఆడవాళ్ళకు ఇవి తెలియాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రాజంపేట